జలం మరుగుపరుస్తుంది, హరించదు

2024 నవంబరులో ఓరుగల్లు భద్రకాళీ తటాకంలోని జలాన్ని పూడికతీత నిమిత్తం దిగువకు విడిచిపెట్టడం ఆరంభించారు. అమ్మవారి పాదాల చెంత దశాబ్దాలుగా నిండుకుండలా ఉన్న చెరువు దినదినం క్షీణించింది. నీటి అంచు కట్టను విడిచి లోనికి జరిగింది. దర్శనానికి వచ్చే భక్తులకు ఇన్నేళ్లూ జలదర్పణంలో కనిపించిన ఆకాశం మాయమై, దాని స్థానంలో నల్లని బురద, ఎండిన గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు ప్రత్యక్షమయ్యాయి. 2025లో యంత్రాలు దిగి పూడికను తోడసాగాయి.

ఆ దృశ్యాన్ని చూసిన వారిలో చాలామంది ముక్కు మూసుకొని ముందుకు సాగిపోయారు. అది సహజమే. అయితే సాధకుడైనవాడు అక్కడ క్షణకాలం నిలువదగినది. ఎందుకనగా ఆ తటాకగర్భం ఒక సత్యాన్ని నిరాడంబరంగా బోధిస్తున్నది: జలం దేనినైనా మరుగుపరచగలదు, అన్నింటినీ హరించలేదు. వీరు నీటికి అప్పగించామని అనుకున్నది, నీరు స్వీకరించినది ఒకటి కావు.

తటాకనిర్మాణాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా పరిగణించారు. పుత్రుడు, దేవాలయం, వనం, కావ్యం మొదలైన వాటి సరసన చెరువును నిలపడంలో గంభీరమైన భావమున్నది. సంతానం కర్త గతించిన తరువాత కూడా లోకంలో అతని పేరు నిలుపుతుంది. కాకతీయులు ఈ ధర్మాన్ని రాజ్యనీతిగా స్వీకరించారు. గణపతిదేవుని కాలం నాటి పాఖాల, రామప్ప చెరువులు నేటికీ పొలాలను తడుపుతున్నాయి. భద్రకాళీ తటాకాన్ని కూడా ఆ చక్రవర్తి నామంతోనే పెద్దలు స్మరిస్తారు. ఇటీవలి కాలంలో శ్రీరాంసాగర్ జలాలు కాకతీయ కాలువ మీదుగా వచ్చి నగరపు చెరువులను నింపగా, భద్రకాళీ జలం నగరవాసుల దాహాన్ని తీర్చింది. అనగా ఇది కేవలం కనులకింపైన సరస్సు కాదు. ఒకనాడు ఇంటింటి కుండలో నిలిచిన తీర్థం.

ఆ తీర్థానికి కాలక్రమంలో మురుగు తోడయింది. నాలాలు నగరపు మలినాన్ని మోసుకొచ్చాయి. పోషకమలినం అధికమైన నీటిలో గుర్రపుడెక్క చాపలా పరుచుకుంటుంది, సూర్యరశ్మిని అడ్డుతుంది, కుళ్లి అడుగుకు చేరి పూడికను పెంచుతుంది. పూడిక పెరిగినకొద్దీ చెరువు కడుపు చిన్నదవుతుంది. 2023 జూలై చివరివారంలో కుండపోతవర్షాలు కురిసినప్పుడు ఓరుగల్లు, హనుమకొండ కాలనీలు జలమయమై, పోతననగర్ వైపు భద్రకాళీ చెరువు కట్టకు గండి పడటం నగరం మరువలేదు. నాలాలు ఆక్రమణలతో కుంచించుకుపోవడం, చెత్తతో పూడిపోవడం, వర్షం అతిగా కురవడం, ఇవన్నీ కలిసినప్పుడు నీరు తన దారిని తానే వెదుక్కుంటుంది. అది శాపం కాదు, కార్యకారణ సంబంధం. కర్మసిద్ధాంతాన్ని అంగీకరించేవారికి ఈ మాట క్రొత్తది కాదు.

నీరు తొలగినప్పుడు నగరం తన ముఖాన్ని తాను చూసుకోవడం ఒక్క ఓరుగల్లుకే పరిమితం కాదు. పారిస్ నగరంలో 1825లో ప్రారంభమైన సెయింట్ మార్టిన్ కాలువను ఇంచుమించు పది, పదిహేనేళ్లకొకసారి ఖాళీచేసి శుభ్రపరుస్తారు. 2001లో అలా చేసినప్పుడు సుమారు 40 టన్నుల చెత్త వెలువడింది. అందులో మొదటి ప్రపంచయుద్ధం నాటి ఫిరంగి గుండ్లు రెండు, ఇనుప పెట్టెలు, బంగారు నాణేలు కూడా ఉన్నాయి. 2016 జనవరిలో మరల ఖాళీచేయగా సైకిళ్లు, దుకాణాల తోపుడు బండ్లు, సీసాలు బయటపడ్డాయి. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల నుండి ఏటా 12,000 నుండి 15,000 సైకిళ్లను వెలికితీస్తారని అంచనా. ఏ నగరం దేనిని ఎక్కువగా వాడుతుందో, దేనిపై త్వరగా విసుగు చెందుతుందో, ఆ నగరపు కాలువ అడుగు చెబుతుంది.

కొన్నిసార్లు అడుగున దొరికేది చెత్త కాదు, దుఃఖం. 2020 ఫిబ్రవరిలో కరీంనగర్ సమీపంలోని అల్గునూరు వద్ద కాకతీయ కాలువలో ప్రవాహాన్ని తగ్గించినప్పుడు ఒక కారు బయటపడింది. దాదాపు మూడు వారాలుగా ఆచూకీ లేని ఒకే కుటుంబంలోని ముగ్గురి దేహాలు అందులో ఉన్నాయి. ఆ మూడు వారాలూ వంతెన మీదుగా జనం రాకపోకలు సాగిస్తూనే ఉన్నారు. పైన నీరు ప్రశాంతంగానే ప్రవహించింది. ఉపరితలం నిర్మలంగా ఉన్నంతమాత్రాన అంతరం నిర్మలమని తలచరాదని చెప్పడానికి ఇంతకంటె దారుణమైన నిదర్శనం అవసరం లేదు.

మన చెరువులు, కాలువలలో మరొక దేశపు కాలువలలో కనిపించని ఒక రాశి ఉంటుంది. అది భక్తిశేషం. పగిలిన అద్దాల చట్రాలలో దేవతాచిత్రాలు, రంగు వెలిసిన ప్రతిమలు, వాటి లోపలి ఇనుప ఊచలు, నిర్మాల్యం కట్టిన ప్లాస్టిక్ సంచులు, నోము తోరాలు, కర్పూరపు డబ్బాలు. వీటిని విసిరినవారు దుర్జనులు కారు. ఇంట్లో పెట్టుకోరాదు, చెత్తకుప్పలో వేయరాదు అన్న భయభక్తులతోనే నీటిదాకా మోసుకొచ్చారు. కనుకనే ఈ విషయం సాధకలోకం ప్రత్యేకంగా ఆలోచించదగినది. ద్వేషంతో చేసిన మాలిన్యాన్ని ఖండించడం సులభం. గౌరవంతో చేసిన మాలిన్యాన్ని గుర్తించడానికి వివేకం కావాలి.

జలవిషయంలో శాస్త్రం మౌనంగా లేదు. తైత్తిరీయారణ్యకంలోని అరుణప్రశ్న జలంలో మలమూత్రవిసర్జన చేయరాదని, ఉమ్మివేయరాదని వ్రతనియమంగా విధించింది. మనుస్మృతి చతుర్థాధ్యాయం ఆ జాబితాకు రక్తాన్ని, విషాన్ని, అపవిత్రపదార్థంతో కలిసిన ప్రతిదానిని జోడించింది. జలం దేవత గనుక ఈ నిషేధాలు. దేవత ఎదుట చేయరాని పనిని దేవత ఒడిలో చేయడం ఎలా తగును?

మరి విసర్జనవిధి మాటేమిటి అని ప్రశ్న. 'విసర్జన' శబ్దంలో 'సృజ్' ధాతువున్నది. సృష్టి, సర్జన అనే పదాలకు మూలమైన ధాతువదే. సృజించినదానిని తిరిగి విడుదల చేయడమే విసర్జన. పారవేయడం దానికి అర్థం కాదు. వినాయకచవితినాడు మృత్తికతో మూర్తిని చేసి, ప్రాణప్రతిష్ఠ గావించి, షోడశోపచారాలు సమర్పించి, చివర ఉద్వాసన చెబుతారు. దైవం స్వస్థానానికి వేంచేసిన తరువాత మిగిలిన మట్టి నీటిలో కరిగి, నీటితో పొలానికి చేరి, మరల మట్టి అవుతుంది. ఈ వలయం పూర్తయినప్పుడే విసర్జన సార్థకం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ జిప్సమ్‌ను కాల్చి చేసిన పొడి. నీటితో కలిసి గట్టిపడటం దాని స్వభావం. గట్టిపడిన ప్రతిమ మట్టిలాగా విడివడదు. చెరువు అడుగున చాలాకాలం అవయవభగ్నమై పడి ఉంటుంది. 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సవరించిన మార్గదర్శకాలు ఇట్టి ప్రతిమలను నిషేధించాయి. అయితే అంతకుముందే 'మృణ్మయం' అన్న ఒక్క పదంతో సంప్రదాయం ఆ మాట చెప్పి ఉన్నది.

ఓరుగల్లు స్త్రీలకు ఈ రహస్యం ఎవరూ నేర్పనవసరం లేదు. బతుకమ్మను పేర్చే తంగేడు, గునుగు, బంతి, చామంతి, పసుపుతో చేసిన గౌరమ్మ, ఇవన్నీ నీటికి పరాయివి కావు. కొన్నాళ్లలో నీటిలో కలిసిపోతాయి. పాటలతో సాగనంపిన పిమ్మట పళ్లెం మాత్రం ఇంటికి తిరిగి వస్తుంది. నీటికి ఇవ్వదగినదేదో, ఇంటికి తెచ్చుకోదగినదేదో ఆ పళ్లెం చెబుతుంది.

ఈ భేదం ఒక గృహస్థుకు అనుభవంలో ఎలా తెలిసిందో ఇక్కడ చెప్పుకోవడం ఉచితం. ఆయన హనుమకొండలో నివసించే విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు. చెరువు ఖాళీ అవుతున్న ఆ కార్తికంలోనే ఆయన మాతృమూర్తి పరమపదించారు. మాసికాలు జరుగుతుండగా పూజాగది సర్దినప్పుడు మందిరం వెనుక ఎర్రని గుడ్డసంచి ఒకటి దొరికింది. ఏనాటికానాడు పాతబడినవాటిని ఆమె అందులో దాచుతూ వచ్చింది. వెలిసిన క్యాలెండరు చిత్రాలు, అట్ట ఊడిన సహస్రనామ పుస్తకం, పాత పంచాంగాలు, తోరాలు, రెండు మట్టి గణపతులు, చేయి విరిగిన లక్ష్మీ ప్రతిమ, అద్దం పగిలిన వేంకటేశ్వరుని పటం, ఒక తులసిమాల. అన్నింటికీ పైన, ప్లాస్టిక్ పూత వేయించిన చిన్న భద్రకాళీ చిత్రం. చివరి సంవత్సరం అది ఆమె తలగడ క్రింద ఉండేది.

ఆయన అక్కగారు ఫోనులో స్పష్టంగా చెప్పారు. "తమ్మీ, విరిగిన బొమ్మలు ఇంట్ల ఉండద్దు. అమ్మ సంచి నీళ్లల్ల కలుపు. సంవత్సరీకం దాకా ఆగకు."

"చెరువుల నీళ్లు లేవు అక్కా," అన్నారాయన.

ప్రక్కింటి యువకుడు ఆ మాట విని సహాయానికి వచ్చాడు. "సార్, ఆ సంచి నాకియ్యండి. చెరువు ఎండితే ఏంది, కాకతీయ కాలువల నీళ్లు పారుతున్నై. బండి మీద పోయి వేసొస్త."

ఉపాధ్యాయుడు వెంటనే ఇవ్వలేదు. ఆ సాయంకాలం దర్శనానికి వెళ్లి చెరువు కట్టపై నిలిచారు. కట్ట అంచున ఎండిన బురదలో సరిగ్గా తన ఇంటిలోని సంచివంటి సంచి ఒకటి కనిపించింది. దాని ముడి విడలేదు. నీరు ఎన్నేళ్లు దానిపై నిలిచినదో తెలియదు. ముడి మాత్రం కట్టినవారు కట్టినట్లే ఉన్నది. ఎవరి తల్లి సంచో, ఏ కుమారుడు కన్నీటితో విడిచి వెళ్లాడో! ఆ కుమారుడు తల్లి వస్తువులను గంగలో కలిపానన్న తృప్తితో ఇల్లు చేరి ఉంటాడు. గంగ వాటిని కలుపుకోలేదు.

మరునాడు ఆయన తమ పురోహితుని వద్దకు వెళ్లారు. పురోహితుడు వయోవృద్ధుడు, మితభాషి.

"అయ్యగారూ, ఈ సంచి ఏం చెయ్యమంటారు? నీళ్లల్ల వెయ్యకపోతే దోషమని అక్క భయపడుతున్నది."

ఆయన సంచి విప్పించి ఒక్కొక్కటి చూశారు. "సార్, మీరు చదువుకున్నవారు. జీర్ణబింబానికి ఆగమం ఏం చెప్పింది? మొదలు కళను ఆకర్షించి కలశంలోకి తీసుకుంటరు. తర్వాత కొయ్యదైతే అగ్నికి, లోహానిదైతే కరిగించటానికి, రాతిదైతే లోతు నీళ్లకు. అన్నిటికీ ఒక్క నీళ్లే దిక్కని చెప్పలేదు. ఏది ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికి పంపాలె. అమ్మవారు ఈ సంచిలో లేరు. మీ అమ్మగారు ఏనాటి పూజకు ఆనాడే ఉద్వాసన చెప్పుకున్నరు. మిగిలినవి వస్తువులు. వస్తువుల బాధ్యత మీది."

ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి ఆ పని ఆరంభించారు. ఒక గంటలో ముగుస్తుందనుకున్నది పది రోజులు పట్టింది. మట్టి గణపతులను బకెట్టు నీటిలో ఉంచగా తెల్లవారేసరికి తొండం, చెవులు, ఉదరం అన్నీ ఒకే మెత్తని మట్టిగా అడుగున నిలిచాయి. ఆ నీటిని తులసికోటలోను, మందారం మొదటిలోను పోశారు. కాగితపు చిత్రాలను, పంచాంగాలను శుచియైన చోట అగ్నికి సమర్పించి, ఆ బూడిదను మట్టిలో కలిపారు. నూలు తోరాలు అదే మట్టికి చేరాయి. చట్రంలోని అద్దాన్ని, ఇనుమును వేరుచేసి పాత సామాను కొనేవానికి పైకం పుచ్చుకోకుండా ఇచ్చారు. సహస్రనామ పుస్తకానికి క్రొత్త అట్ట వేయించారు.

చేయి విరిగిన లక్ష్మి ఏడు రోజులు నీటిలో ఉన్నది. రంగు కొంత ఊడింది, రూపం చెక్కుచెదరలేదు. తలగడ క్రింది భద్రకాళీ చిత్రమైతే నీటిని దరికే రానీయలేదు. అగ్నికి ఇస్తే విషధూమం, భూమికి ఇస్తే కరగదు, నీటికి ఇస్తే తేలుతుంది. పంచభూతాలలో ఏదీ స్వీకరించని పదార్థాన్ని మనిషి తయారుచేసి, దానిపై దేవతారూపాన్ని ముద్రించాడు. ఉపాధ్యాయునికి ఆ పదిరోజులలో కష్టంగా తోచినది ఇదే. తల్లి స్పర్శతో అంచులు నునుపెక్కిన ఆ చిత్రానికి లోకంలో వెళ్లడానికి చోటే లేదు.

ఆయన దానిని తుడిచి తన పుస్తకాల బీరువాలో ఉంచారు. లక్ష్మీ ప్రతిమను దాని ప్రక్కన నిలిపారు. అక్కగారు విని కలత చెందారు. "ఇంట్లనే ఉంచుకుంటవా మరి?"

"పూజకు కాదక్కా, జ్ఞాపకానికి. నీళ్లు పుచ్చుకోనిదాన్ని నీళ్లమీద రుద్దలేను. నేనున్నన్నాళ్లు నా దగ్గరనే ఉంటది."

అవతల కొంతసేపు మాట లేదు. ఆ తరువాత, "తులసిమాల నాకు తీసిపెట్టు," అన్నారామె.

ఈ ఉదంతంలో అద్భుతమేమీ లేదు. అయినా నిత్యానిత్యవస్తువివేకమని గ్రంథాలలో పఠించే సాధనకు ఇది ఒక లౌకికరూపం. సంచిని ముడి విప్పకుండా విసరడం త్యాగంలా కనిపిస్తుంది. విప్పి, ఒక్కొక్కదాని స్వభావమెరిగి, దాని స్థానానికి దానిని పంపి, పంపలేనిదాని భారాన్ని తానే వహించడం త్యాగం. మొదటిది వస్తువును కంటికి దూరం చేస్తుంది. రెండవది మనస్సును వస్తువు నుండి విడుదల చేస్తుంది.

చిత్తవిషయంలోనూ ఇదే న్యాయం. పతంజలిమహర్షి క్లేశాలకు నాలుగు స్థితులు చెప్పాడు. ప్రసుప్తం, తనువు, విచ్ఛిన్నం, ఉదారం. ఉదారస్థితిలోని క్రోధలోభాలు ఎవరికైనా కనిపిస్తాయి. నీటిపై తేలే గుర్రపుడెక్క వంటివి. ప్రసుప్తస్థితిలోనివి అడుగున ఉంటాయి. తగిన ఆలంబనం దొరికేదాకా వాటి ఉనికి వాటిని మోసేవానికే తెలియదు. శాంతుడనని లోకం పొగడిన వ్యక్తి ఆస్తి పంపకాలనాడు అన్నదమ్ములపై కత్తి దూసినంత పని చేస్తాడు. నీరు తగ్గింది, అంతే. ఆ వస్తువు ఆనాడు పుట్టలేదు.

అందుకే ధ్యానానికి క్రొత్తగా కూర్చున్నవారిలో పలువురు కొన్నాళ్లకే భీతి చెందుతారు. "ధ్యానం చేయకముందే నయం, ఇప్పుడు ఎన్నడూ లేని చెడ్డ ఆలోచనలు వస్తున్నాయి" అని గురువుల వద్ద మొరపెట్టుకుంటారు. వ్యాపారం, వినోదం, సంభాషణ అనే నీరు కొంత వెనుకకు తీసినప్పుడు కనిపించేది అడుగే. క్షీరసాగరమథనంలో అమృతాని కంటె ముందు హాలాహలం పైకి వచ్చింది. దేవతలు ఆ క్షణంలో వాసుకిని విడిచి పారిపోయి ఉంటే సముద్రం యథాప్రకారం శాంతించేది; విషం లోపలే ఉండేది; అమృతమూ లోపలే ఉండేది. పరమేశ్వరుడు విషాన్ని సముద్రంలోకి తిరిగి తోయలేదు. స్వయంగా స్వీకరించి కంఠంలో నిలిపాడు. నీళ్లు పుచ్చుకోనిదానిని తాను పుచ్చుకోవడంలోని ఈశ్వరత్వం అది.

యోగసూత్రాల చతుర్థపాదంలో మరొక దృష్టాంతమున్నది; చెరువుల సీమవారికి అది ఇంటి మాట. కర్షకుడు నీటిని చేతులతో ఎత్తి ఒక మడి నుండి మరొక మడికి మోయడు. అడ్డుగా ఉన్న గట్టును తొలగిస్తాడు. నీరు తనంతట తాను ప్రవహిస్తుంది. ధర్మాచరణ చేసే పని ఇంతే. ఆనందాన్ని అది క్రొత్తగా ఉత్పత్తి చేయదు, అడ్డు తొలగిస్తుంది. నాలాలో ఇరుక్కున్న సంచులు తీసినవాడు వరదను ఆపే మంత్రం వేయలేదు. నీటికి దాని దారి దానికిచ్చాడు. ఈ పోలిక ఎంత యథాతథమో తూము దగ్గర కాపలా కాసిన నీరటిని అడిగితే చెబుతాడు.

ఇక్కడ ఒక ఓదార్పు కూడా ఉన్నది. తటాకగర్భంలో ఉన్నదంతా హేయం కాదు. వానలు మోసుకొచ్చిన ఒండ్రుమట్టి, ఆకులు, జలచరాల శేషాలు ఏళ్ల తరబడి నిలిచి సారవంతమైన పూడికమట్టి అవుతాయి. తెలంగాణ రైతు వేసవిలో చెరువుమట్టిని బండ్లకెత్తి పొలానికి తోలుకోవడం అనాదిగా ఉన్న ఆచారం. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో 46,000 పైచిలుకు చెరువుల పునరుద్ధరణను తలపెట్టినప్పుడు ఆ ఆచారానికి మరల ప్రాణం వచ్చింది. పూర్వసంస్కారాలు కూడా ఇట్టివే. అనుభవించిన దుఃఖం, చేసిన శ్రమ, భరించిన అవమానం లోపల నిలిచి, కాలపరిపాకంతో కరుణగా, ఓర్పుగా మారవచ్చు. ఏ వృద్ధురాలి మాటలోనైనా లభించే ఆ చల్లదనం ఆమె జీవితపు ఒండ్రుమట్టి నుండి వచ్చినదే.

అయితే ఒక నియమం. ఒండ్రులో ప్లాస్టిక్, గాజు, రసాయనవర్ణాలు కలిసితే ఆ మట్టిని ఏ రైతూ పొలానికి తోలుకోడు. సారమున్నా నిరుపయోగం. దుఃఖంలో ద్వేషం కలిసి ఉంటే అది కరుణగా పండదు. పశ్చాత్తాపంలో ఆత్మవంచన కలిసి ఉంటే అది వినయంగా మారదు. కరిగేదానిని, కరగనిదానిని ఒకే సంచిలో ముడివేయకుండా ఉండటమే అంతఃకరణశుద్ధికి తొలిమెట్టు. తీర్థస్నానం చేసి వచ్చినంతమాత్రాన పాపం పోయిందని భావించేవాడు, సంచిని కాలువలో వేసి వచ్చినవాడు ఒక్క తీరుగానే ఆలోచిస్తున్నారు. తీర్థం సంకల్పంతో, అనుతాపంతో, నివృత్తితో కూడినప్పుడే ఫలిస్తుందని ధర్మశాస్త్రాలు చెబుతున్నాయి. చేసినదానిని ఒప్పుకొని మరల చేయనని నిశ్చయించుకోని వానిని గంగ తడపగలదు, అంతకుమించి చేయలేదు.

ఆచరణలో ఇది దుష్కరమైనది కాదు. నిర్మాల్యాన్ని సంచిలో కట్టక ఇంటి మొక్కలకు ఎరువు చేయవచ్చు. మట్టిమూర్తిని తెచ్చుకొని ఇంటి పాత్రలోనే విసర్జించవచ్చు. నోముకు, వ్రతానికి వస్తువు కొనే సమయంలోనే, పూజానంతరం ఇది ఎక్కడికి వెళుతుందని ఒక ప్రశ్న వేసుకోవచ్చు. దైవాన్ని ఆవాహన చేసే ముందే ఉద్వాసనకు దారి చూసుకోవడం అనుమానం కాదు, ఆతిథ్యధర్మం. వచ్చిన అతిథిని గౌరవంగా సాగనంపే మార్గం లేనివాడు పిలవడంలోనే తొందరపడ్డాడని అర్థం.

ఖాళీ చేసిన చెరువులకు నీరు మరల వస్తుంది. వర్షాలు కురుస్తాయి, కాలువ పారుతుంది, మత్తడి దూకుతుంది. అమ్మవారి గోపురం మరల నీటిలో ప్రతిబింబిస్తుంది. ఆనాడు అడుగు కనిపించదు. అడుగు కనిపించనినాడు కూడా అది ఎలా ఉన్నదో తెలిసి మెలగడం శౌచం. పైన ప్రతిబింబించే గోపురానికి, లోపల నిలిచిన మట్టికి మధ్య విరోధం లేని జలమే తీర్థమనిపించుకుంటుంది. చిత్తానికీ అదే లక్షణం.

సర్వం శ్రీ భద్రకాళీ చరణారవిందార్పణమస్తు.